కారులో ఐపాడ్ ఛార్జింగ్ పెడితే స్పీకర్లు గుయ్‌మంటున్నాయి

కాణిపాకం కుర్రోడు:
మా నాయన ఐపాడ్ క్లాసిక్ ఇంకా బతికే ఉంది. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన హరికథలు, అన్నమయ్య కీర్తనలు అన్నీ దాంట్లోనే. కారు స్టీరియోకి బ్లూటూత్ లేదు, యూఎస్‌బీ లేదు, ముందర ఆక్స్ (పాట వైరు గుచ్చే బెజ్జం) ఉందంతే. వైరు గుచ్చితే పాట బ్రహ్మాండంగా వస్తుంది. కానీ బ్యాటరీ ముసలిది, చిత్తూరులో బయల్దేరితే అలిపిరి చేరకముందే చచ్చిపోతుంది. సరే అని లైటర్ సాకెట్లో ఛార్జర్ పెడితే గుయ్ మొదలు. మొన్న ఘాట్‌లో సెకండ్ గేర్లో బండి ఎంత గుంజితే అదంత అరిచింది. "ఏందిరా, హరికథలో నాదస్వరం దూరిందే" అంటాడు నాయన. తిరుపతిలో ఒక షాపాయన స్టీరియోనే మార్చాలన్నాడు, 8 వేలంట.

రేణిగుంట వైర్‌మ్యాన్:
మార్చబాకు తమ్ముడూ, స్టీరియో తప్పేం లేదు. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. ఐపాడ్‌కి నెగెటివ్ రెండు దోవల్లో అందుతా ఉంది, ఛార్జర్ నుంచి ఒకటి, ఆక్స్ వైరు నుంచి ఒకటి. ఆ చుట్టులోకి ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) రొద దూరుతుంది. అందుకే ఇంజన్ స్పీడుతో పాటే కూత పెరిగేది. బండి నిలిపి, న్యూట్రల్‌లో రేజ్ చేస్తా ఛార్జర్ పీకి చూడు. టక్కున ఆగితే అదే. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, అవి పాటని పోనిచ్చి ఆ నెగెటివ్ దోవని తెంచుతాయి. ఆక్స్ వైరు మధ్యలో తగిలిస్తే సరి.

పుత్తూరు ప్యాసింజర్:
ఈ వైర్ల గోల ఎందుకని నేను ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కొన్నా, పాటని వైరు లేకుండా కారు రేడియోకి పంపేది. తిరుపతిలో 101.4 మీద బాగానే పాడేది. చెన్నై పోతా నగరి దాటేసరికి కీర్తన మధ్యలో తమిళ యాంకరమ్మ పలకరించింది. చెన్నై రెయిన్‌బో ఎఫ్‌ఎం రేడియో స్టేషన్ నంబరు కూడా అదే మరి! దోవలో రెండుసార్లు నంబరు మార్చుకున్నా.

పాకాల జంక్షన్:
మా పాత కారులో క్యాసెట్ ప్లేయరే ఉంది, దాంట్లో పెట్టి, తోక వైరుని ఐపాడ్‌కి గుచ్చే అడాప్టర్ క్యాసెట్ వాడతా. ఆటో రివర్స్ డెక్ (సైడు అయిపోతే తనే రెండో సైడుకి మారే ప్లేయర్) అయితే మాత్రం జాగ్రత్త, టకటకా సైడ్లు మారుస్తానే ఉంటుంది.

కాణిపాకం కుర్రోడు:
వైర్‌మ్యాన్ అన్నా, చంద్రగిరి దగ్గర బండి ఆపి చూసినా. ఛార్జర్ పీకంగానే గప్‌చుప్! ఐసొలేటర్ తెప్పించి పెట్టినా, కూత పోయింది. కానీ "మృదంగం పలచబడిందిరా" అంటాడు నాయన. నిజమేనా, ఆయన చాదస్తమా?

రేణిగుంట వైర్‌మ్యాన్:
పెద్దాయన చెవే కరెక్టు. చౌక ఐసొలేటర్లో ట్రాన్స్‌ఫార్మర్ మరీ చిన్నది, బాస్ (కింది స్వరాలు) తినేస్తుంది. అది తీసేసి, ఐపాడ్‌ని పవర్ బ్యాంకుతో ఛార్జ్ చెయ్. దానికి కారు నెగెటివ్‌తో సంబంధమే ఉండదు కదా, లూప్ యాడిది? పవర్ బ్యాంకుని మాత్రం కారు సాకెట్లో పెట్టి వాడబాకు, మళ్ళీ మొదటికొస్తుంది.

కాణిపాకం కుర్రోడు:
పెట్టినా అన్నా. నిన్న కొండ మీదికి పోయేదాకా మృదంగం నిండుగా పలికింది. నాయన మాట్లాడలేదు, తొడ మీద తాళం వేసుకుంటా కూర్చున్నాడు.