స్కూటీ లక్కీ డ్రా వద్దంటే మా యూత్ వినట్లేదు: డయాలసిస్ వాళ్ల ఆటో ఖర్చులకు ఇంకే ఆట పెట్టొచ్చు?

ట్యూషన్ అక్క, కవిటి:
మాది కవిటి మండలంలో ఒక పల్లె. మా ఉద్దానం ప్రాంతంలో ఎందరికో కిడ్నీ జబ్బు, ఆ కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను. డయాలసిస్ ఉచితమే, పింఛనూ వస్తోంది. కానీ వారానికి రెండు మూడుసార్లు సెంటర్‌కి వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ మిషన్ మీద నాలుగు గంటలు. ఆటో ఖర్చు ఒక ఎత్తు. తోడు వెళ్లే మనిషికి ఆ రోజు కూలి పోవడం ఇంకో ఎత్తు, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. ఈ ఖర్చు కోసమే సంక్రాంతికి ఏదైనా చేద్దామని మా యూత్ కుర్రాళ్లు బయల్దేరారు.

వాళ్ల ప్లాన్ ఏంటంటే, వంద రూపాయల టిక్కెట్టు, లక్కీ డ్రా, మొదటి బహుమతి స్కూటీ. "అక్కా, స్కూటీ మీద ఆశతోనైనా ఇస్తారు" అంటున్నారు. ముందు స్కూటీకి డబ్బు పోగేసి, మిగిలితే రోగులకా? పైగా ఆ టిక్కెట్లు కొనేది జీడిపప్పు కార్ఖానాలకి కూలికెళ్లే ఆడవాళ్లే.

నేను అనుకున్నది వీధికో జట్టు. కబడ్డీ, ముగ్గులు, పిల్లల క్విజ్. రామమందిరం దగ్గర పాయింట్ల బోర్డు. ఎక్కువ చందా పోగేసిన వీధికి కప్పు. దీనికి ఫోన్లో ఆడే ఆటేదైనా కలపొచ్చా? "మంచి ఆలోచన" అని నమస్కారం బొమ్మ పెట్టి వెళ్లిపోకండి, ప్లీజ్.

గుమస్తా, పలాస:
అమ్మా, లక్కీ డ్రా మాట వదిలెయ్యండి. డబ్బు కట్టించుకుని, చీటీ తీసి బహుమతి ఇస్తే అది లాటరీయే, ఎంత మంచి పనికైనా సరే. 1998 లాటరీల చట్టం ప్రకారం లాటరీ నడిపే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకే ఉంది. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలంటారా, మన రాష్ట్రం 2020లోనే పాత 1974 గేమింగ్ చట్టాన్ని సవరించి ఆపేసింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. గిట్టనివాడు ఒక్క ఫోన్ కొడితే మీ యూత్ ప్రెసిడెంటు కనుమ పండగ స్టేషన్లో చేసుకుంటాడు. ఆటలు పెట్టండి, కప్పులివ్వండి, ఎంట్రీ ఫీజు మాత్రం పెట్టకండి. డబ్బు ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకూ రానివ్వకండి, బ్యాంకులో ఇద్దరి సంతకాలతో ఖాతా తీయండి.

లెక్కల మాస్టారు, బొబ్బిలి:
మా బడి పిల్లలతో ఫ్రీరైస్ ఆడించాను కాబట్టి చెబుతున్నా. అదొక క్విజ్ సైటు. 2007లో ఒక అమెరికా ఆయన మొదలుపెట్టి, 2009లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమానికి ఇచ్చేశారు. మొదట్లో సరైన జవాబుకు పది బియ్యపు గింజలు, ఆ డబ్బు ప్రకటనలు ఇచ్చే కంపెనీలది. పది గింజలేంటని మా స్టాఫ్ రూమ్‌లో నవ్వారు. పిల్లలకి మాత్రం తెరమీద గిన్నె నిండుతుంటే లేవబుద్ధి కాలేదు. ఆడేవాడి జేబు జోలికే పోలేదు చూడండి, డబ్బంతా బయటివాడిది. మీరు పట్టుకోవాల్సింది ఇదే.

మీ ఊరివాళ్లు విశాఖలో, హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో వెల్డింగ్ పనుల్లో ఉంటారు కదా. రెయిడ్ పాయింటుకు ఇంత, క్విజ్‌లో సరైన జవాబుకు ఇంత అని చందా ఇచ్చేలా వాళ్లని ఒప్పించండి. గరిష్ఠం ఇంత అని ముందే రాయించి, ఆ మొత్తం పండక్కి ముందే ఖాతాలో వేయించండి. కూత అయ్యాక వసూలు చేయడం బ్రహ్మతరం కాదు. స్కోరు వాట్సాప్‌లో పెడుతుంటే చాలు, యాప్ అక్కర్లేదు. బోర్డు మీద రూపాయలు రాయొద్దు, "ఇన్ని రానూపోనూ ఆటోలు" అని రాయండి. రెయిడ్‌కి వెళ్లే కుర్రాడికి తన పాయింటుతో ఎవరు ఎక్కడికి వెళ్తారో తెలుస్తుంది.

సిస్టర్, సోంపేట:
మాస్టారు చెప్పింది బావుంది. వీధివారీ చందా బోర్డు మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. సగం ఇళ్లలో పేషెంట్లున్న వీధి ఆ బోర్డు మీద ఎప్పుడూ అడుగునే ఉంటుంది. వాళ్ల కోసం ఆటలు పెట్టి, వాళ్లనే ఊరి ముందు ఓడిస్తారా?

వసూలు చేసే కుర్రాళ్లకి కమీషన్ ఇద్దామని కూడా ఎవరో ఒకరు అంటారు, చూడండి. 2000లో గ్నీజీ, రుస్టికీని అనే ఆర్థికవేత్తలు ఇజ్రాయెల్‌లో ఇంటింటికీ చందాలకు తిరిగే హైస్కూలు పిల్లల మీద చేసిన పరిశోధన వచ్చింది. కొందరికి ఏమీ ఇవ్వలేదు, కొందరికి వసూలులో ఒక శాతం, ఇంకొందరికి పది శాతం. ఎక్కువ తెచ్చింది ఏమీ తీసుకోనివాళ్లు. అందరికంటే తక్కువ తెచ్చింది ఒక శాతం వాళ్లు.

పేషెంట్ల ఫొటోలు, పేర్లు గ్రూపుల్లో తిప్పకండి. క్విజ్‌లో నొప్పి బిళ్లల మీద ఒక ప్రశ్న పెట్టండి. డాక్టరు రాయకుండా షాపులో కొని మింగితే కిడ్నీకి దెబ్బని పెద్దవాళ్లకి మేం చెబితే తలూపుతారు, మనవడు చెబితే వింటారు.

ట్యూషన్ అక్క, కవిటి:
సిస్టర్ గారూ, మీరన్న ఆ వీధి మా ఊళ్లో ఉంది. నాకు తట్టనే లేదు. వీధి జట్లు తీసేస్తున్నాం. పేర్లు చీటీలు వేసి కలిపేస్తాం (గుమస్తా గారూ, ఈ చీటీలకి కేసు ఉండదు కదా!). కప్పు ఆటలో గెలిచిన జట్టుకే, చందాకి కప్పు లేదు. కుర్రాళ్లు ఒప్పుకున్నారు, స్కూటీ మీద బెంగ మాత్రం తీరలేదు.

మాస్టారూ, గల్ఫ్ వాళ్ల గ్రూపులో పెట్టడానికి నాలుగు లైన్లు రాసివ్వగలరా? నేను రాస్తే ట్యూషన్ ఫీజు అడిగినట్టు ఉంటోంది.