ఇంకు పెన్నుకు పనికొచ్చే విడి కాగితాలు తిరుపతిలో ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. కథలు రాస్తుంటాను, మొదటి ప్రతి ఎప్పుడూ చేత్తోనే. ఫోన్‌లో టైప్ చేస్తే వాక్యం పూర్తికాకముందే దిద్దడం మొదలుపెడతాను. కాగితం మీదైతే కొట్టేసిన మాట కూడా కళ్లముందే ఉంటుంది, ఒక్కోసారి అదే మళ్లీ పనికొస్తుంది. పైగా ఇంకు పెన్నును నొక్కి రాయక్కర్లేదు, వేళ్లు లాగవు.

ఇబ్బందల్లా కాగితంతోనే. మామూలు 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) జిరాక్స్ పేపరు మీద ఇంకు పాకిపోతోంది. మనకేమో వత్తులు, గుడులు, సుడులు. లోపలి ఖాళీలు పూడిపోయి 'ప'కీ 'ష'కీ తేడా తెలియడం లేదు. గాంధీ రోడ్డులో అడిగితే రికార్డు పుస్తకాలు చూపించారు. కాగితం మందమే గానీ నాకు బైండు వద్దు, పేజీలు అటూ ఇటూ మార్చుకోవాలి.

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ 90, 100 జీఎస్ఎం విడి కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? ప్రింటింగ్ ప్రెస్సువాళ్లు కొద్దిగా అడిగినా కోసి ఇస్తారా? మందం ఒక్కటే చాలదు, ఇంకు పీల్చకుండా వేసే గంజి పూత కూడా బాగుండాలంటారు. కొనేముందే అది పరీక్షించే పద్ధతి ఏదైనా ఉందా? రాజమండ్రి రత్నం పెన్నులు వాడేవాళ్లుంటే, సన్న పాళీతో ఈ సమస్య ఎంతవరకు తగ్గుతుందో చెప్పండి.

బాల్‌పెన్ను వాడమని మాత్రం దయచేసి అనకండి!