రైతు పేపర్ చదవడని రాసుకోవాలా? మీడియా పరిశోధనకు సర్వే మేలా, ఊళ్లో ఉండి గమనించడం మేలా?

పెన్నేటి గట్టు (అనంతపురం):

అందరికీ నమస్తే. నేను జర్నలిజంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. వానలు, పంట నష్టం, బీమా గురించిన వార్తలు మా జిల్లా వేరుశనగ రైతులకు ఏ దారిలో చేరుతున్నాయన్నది నా అంశం. 300 మంది రైతులతో ప్రశ్నావళి నింపించాలి, పట్టికలు వేయాలి, రెండు సంగతులకు సంబంధం ఉందో లేదో తేల్చే కై స్క్వేర్ పరీక్ష చేయాలి. సినాప్సిస్‌లో (పరిశోధన ప్రణాళికలో) ఇదే ఖాయమైంది. నలభై ఫారాలు నింపేసరికి నాకు ఈ పద్ధతి మీదే నమ్మకం పోయింది.

కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో, టీ అంగడి దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగాను. ఏడో ప్రశ్న: "మీరు రోజూ దినపత్రిక చదువుతారా?" "లేదు పాపా, నాకు సదువు రాదు" అన్నాడు. "లేదు" దగ్గర టిక్కు పెట్టాను. ఫారం అయిపోయాక మాటల్లో పడ్డాం. బీమా గడువు ఎప్పుడో, పక్క మండలంలో ఏ ఊరికి డబ్బు పడిందో, ఏ ఊరికి పడలేదో అన్నీ చెప్పాడు. ఎట్లా తెలుసంటే, అంగడాయన కొడుకు పొద్దున్నే పేపర్ గట్టిగా చదువుతాడట. పది పన్నెండు మంది వింటారు. అర్థం కాకపోతే మళ్లీ చదివించుకుంటారు. నా పట్టికలో మాత్రం ఆయన పత్రికతో సంబంధం లేని మనిషి.

ఇంకో ఊళ్లో టీవీ ఉందా అని అడిగితే లేదన్నారు. లోపలి నుంచి సీరియల్ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టను. చేతిలో ఫారం, మెడలో కార్డు వేసుకుని వచ్చిన మనిషిని చూస్తే పథకం లెక్కలు అనుకుంటారు. టీవీ ఉందని రాయిస్తే రేషన్ కార్డు పోతుందేమోనన్న భయం. ఆడవాళ్లను అడిగితే పక్కనున్న మొగుడో కొడుకో జవాబు చెప్పడం దాదాపు ప్రతి ఇంట్లోనూ జరిగింది.

అందుకే నా వాదన ఇది. ఇలాంటి చోట సర్వే పనికిరాదు. నాలుగు ఊళ్లలో, విత్తనం వేసే జూన్ నుంచి కాయ పీకేదాకా ఉండి, చూసి, విని రాసుకోవాలి. మీ అభిప్రాయం చెప్పండి.

తుంగభద్ర తీరం (కర్నూలు):

అమ్మా, మీరు ఊళ్లో చూసింది నిజం. దాని నుంచి మీరు తీసిన నిర్ణయంతో మాత్రం నేను ఏకీభవించను. నేను ఇరవై ఏళ్లుగా గణాంకాలు బోధిస్తున్నాను.

మీ టీ అంగడి సంగతి మీడియా పరిశోధనలో చాలా పాతది. 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలో ఈరీ కౌంటీలో 600 మందిని మే నుంచి నవంబరు దాకా మళ్లీ మళ్లీ కలిసి అడిగింది. రేడియో, పత్రికలే జనం మనసు మారుస్తాయని చూద్దామని వెళ్లారు. తేలింది వేరు. వార్త ముందు కొంతమందికి చేరుతోంది, వాళ్ల నోటి నుంచి మిగతావాళ్లకు చేరుతోంది. రెండంచెల ప్రసారం అని ఇప్పటికీ క్లాసుల్లో చెప్పేది ఇదే. దాన్ని బయటపెట్టింది సర్వేనే. వాళ్లు "చదువుతారా" దగ్గర ఆగలేదు, "ఎవరితో మాట్లాడారు" అని కూడా అడిగారు. మీ ఏడో ప్రశ్న సరిగా లేదు, అంతే. ఒక ప్రశ్న చెడిందని పద్ధతిని పారేయకండి.

ఇక మీ నాలుగు ఊళ్లు. వాటిని ఎవరు ఎంచుకున్నారు? ఎలా ఎంచుకున్నారు? బస్సు సౌకర్యం చూసా, తెలిసినవాళ్ల ఇల్లు ఉందనా? హంద్రీ-నీవా కాలువ నీళ్లు చేరిన ఊరికీ, వాన మీదే ఆధారపడిన ఊరికీ వార్త అవసరం ఒకటి కాదు. వానాధారం ఊళ్లో ఆగస్టు నెలంతా జనం ఆకాశం వైపూ వాతావరణం వార్త వైపూ చూస్తుంటారు. నీళ్లున్న ఊళ్లో ధర వార్త కోసం చూస్తారు. నాలుగు ఊళ్లలో మీకు కనిపించింది జిల్లా మొత్తానికి వర్తిస్తుందని ఏ ధైర్యంతో రాస్తారు?

పెన్నేటి గట్టు:

సార్, మీ ప్రశ్నకు విలువ ఇస్తాను. కానీ నా 300 మంది మాత్రం జిల్లాకు ప్రతినిధులా? మండల కేంద్రాల్లో, రైతు సేవా కేంద్రాల (ఒకప్పటి రైతు భరోసా కేంద్రాల) దగ్గర దొరికేవాళ్లు వాళ్లు. పొలం దాటి రాని కౌలురైతు అక్కడ దొరకడు. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక అమెరికాలో కోటి మందికి ఓటు కార్డులు పంపింది. 23 లక్షల జవాబులు వచ్చాయి. అధ్యక్ష ఎన్నికల్లో లాండన్ గెలుస్తాడని రాసింది. 48 రాష్ట్రాల్లో 46 ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కు వచ్చాయి. టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ పేర్లు తీస్తే ఆర్థిక మాంద్యంలో పేదవాడు ఎక్కడ దొరుకుతాడు? పైగా కార్డు తిరిగి పంపే ఓపిక ఎవరికి ఉందన్నది ఇంకో సంగతి. అంకె పెద్దదైతే నమ్మకం పెరుగుతుందన్న భ్రమ మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా పోలేదు.

తుంగభద్ర తీరం:

సరిగ్గా నేను చెప్పబోయేది అదే. అదే ఎన్నికలో సర్వేలు చేసే జార్జ్ గాలప్ ఎంతో చిన్న నమూనాతో ఫలితం సరిగ్గా చెప్పాడు. తేడా అంతా నమూనా తీసిన తీరులో ఉంది. మీ 300 మందిని దొరికినచోట పట్టుకోకండి. మండలాలను వాననూ, నీటి వసతినీ బట్టి విడదీయండి. ఒక్కో గుంపు నుంచి చీటీ తీసి ఊళ్లను, ఊళ్లలో ఇళ్లను ఎంచండి. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఒప్పుకుంటాను. మన చేతిలో ఉన్న పూర్తి జనాభా లెక్క 2011 నాటిది. 2022 ఏప్రిల్‌లో మీ జిల్లా నుంచి శ్రీ సత్యసాయి, మా జిల్లా నుంచి నంద్యాల విడిపోయాయి. పాత జిల్లా పట్టికలతో కొత్త జిల్లాకు నమూనా తీస్తే మొదటి అడుగులోనే తప్పు. ఓటర్ల జాబితాతో మొదలుపెట్టడం మేలు. అందులో కూడా వలస పోయినవాళ్ల పేర్లు ఉంటాయి, చూసుకోండి.

గండికోట డెస్కు (కడప):

నేను ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పద్నాలుగేళ్లు పనిచేశాను. మీరిద్దరూ పాఠకుడి గురించే మాట్లాడుతున్నారు. పత్రికలో ఏముందో కొలిచే పద్ధతిలో ఇంతకంటే పెద్ద గోతులున్నాయి. చూసినవి చెప్తాను.

ఒక విద్యార్థి ఏడాది పాటు వచ్చిన మెయిన్ పేజీలు (రాష్ట్రమంతటికీ వెళ్లేవి) తీసుకుని, రాయలసీమ గురించి ఎన్ని వార్తలు వచ్చాయో లెక్కపెట్టాడు. కరువు గురించి దాదాపు ఏమీ లేదని, కక్షలూ హత్యలే ఎక్కువని తేల్చాడు. లెక్క తప్పు లేదు. కానీ ఆ ఏడాది మేం రోజూ కరువు వార్తలు ఇచ్చాం, ఎండిన బోర్ల ఫోటోలతో సహా. అవన్నీ జిల్లా పేజీల్లో పోయాయి. జిల్లా పేజీ ఆ జిల్లా దాటి వెళ్లదు. విజయవాడ పాఠకుడు దాన్ని చూడడు. మా దగ్గర జరిగిన హత్య మాత్రం మెయిన్‌లోకి ఎక్కి రాష్ట్రమంతా తిరిగేది. "పత్రిక కరువును రాయలేదు" అనడం వేరు, "పత్రిక కరువును జిల్లా దాటనివ్వలేదు" అనడం వేరు. నా దృష్టిలో రెండోదే పెద్ద నేరం. ఆ విద్యార్థి ఏ ఎడిషన్ తీసుకోవాలో ముందే ఆలోచించి ఉంటే అది అతనికే దొరికేది. సీమ అంటే కత్తులు అన్న ముద్ర ఎలా పడిందో వెతికే ప్రతి ఒక్కరికీ ఇదే చెప్తాను: రెండు ఎడిషన్లు పక్కపక్కన పెట్టుకుని లెక్కపెట్టండి.

రెండోది. ఏడాది పత్రికను మొత్తం చదవలేం కాబట్టి ఒక వారం సోమవారం, ఇంకో వారం మంగళవారం ఇలా ఏరి కూర్చిన రెండు వారాలు చాలని పుస్తకాల్లో ఉంటుంది. 1990లలో అమెరికా పరిశోధకులు దినపత్రికల మీద పరీక్షించి చెప్పిన మాట అది. ఏడాది పొడవునా ఒకేలా వచ్చే వార్తలకు సరిపోతుంది. వేరుశనగకు సరిపోదు. మా దగ్గర వాన వార్తంతా జూన్ నుంచి సెప్టెంబరు మధ్య కుప్పపడుతుంది. మీరు ఏరిన పద్నాలుగు రోజుల్లో ఆగస్టు రోజు ఒక్కటే పడితే కరువు మాయమైపోతుంది.

మూడోది, లెక్కపెట్టేవాళ్లు. "పాత కక్షలతో దాడి" అన్న వార్తను ఒకరు ఫ్యాక్షన్ కింద వేస్తారు, ఇంకొకరు మామూలు నేరం కింద వేస్తారు. ఇద్దరు విడివిడిగా కోడింగ్ చేసి, అంటే ఏ వార్త ఏ కోవలోకి వస్తుందో గుర్తు వేసి, ఎంత కలిసిందో చూపాలి. కాకతాళీయంగా కలిసింది తీసేసి కొలవడానికి కోహెన్ 1960లోనే కప్పా అనే కొలత ఇచ్చాడు. నేను చూసిన థీసిస్‌లలో చాలావాటిలో పరిశోధకుడు ఒక్కడే కూర్చుని అన్నీ తేల్చేస్తాడు.

ఇక లెక్కకు అసలు అందని సంగతి: ఆ వార్త మెయిన్‌కు ఎందుకు పోలేదు? ఆ రాత్రి ప్రకటన వచ్చిందా, ఇన్‌ఛార్జి వద్దన్నాడా, మండల విలేకరి ఆలస్యంగా పంపాడా? డెస్కు దగ్గర కూర్చుంటే తప్ప తెలియదు. 1950లో అచ్చయిన డేవిడ్ మానింగ్ వైట్ పరిశోధన అంతా ఒక చిన్న పట్టణ పత్రికలో ఒకే ఒక్క ఎడిటర్ మీద, ఒకే ఒక్క వారం. వార్తా సంస్థల నుంచి వచ్చే వైర్ వార్తల్లో పదింట తొమ్మిది వంతులు ఆయన పక్కన పడేశాడు, ఎందుకు పడేశాడో కాగితం మీద రాసిపెట్టాడు. ఆ కారణాల్లో చాలావరకు ఆయన సొంత ఇష్టాయిష్టాలే. ఒక్క మనిషితో చేసిన పని ఇన్నేళ్లు నిలబడింది. తుంగభద్ర సార్ అన్నట్టు ఆ ఒక్కడు అందరికీ ప్రతినిధి కాడు. కానీ ఏ ప్రశ్న అడగాలో అందరికీ నేర్పాడు.

పత్తికొండ టమాటా:

అన్నా, అక్కా, మీరంతా పేపర్ దగ్గరే ఉన్నారు. మా నాన్న టమాటా వేస్తాడు. ధర తెలిసేది మార్కెట్ దగ్గరున్న మా మామ పంపే వాయిస్ మెసేజ్‌లో. గ్రూపులో నలభై మంది ఉన్నారు. ఆ గ్రూపు బయటివాళ్లకు కనపడదు, ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ లాగలేరు. ఇప్పుడు చాలామంది కంప్యూటర్‌తో లక్షల పోస్టులు తీసి మీడియా పరిశోధన అంటున్నారు. ఆ తలుపులు కూడా మూసుకుంటున్నాయి. ట్విట్టర్ 2023లో ఉచితంగా డేటా ఇవ్వడం ఆపింది, ఏ పోస్టు ఎంత తిరిగిందో చూపే ఫేస్‌బుక్ వాళ్ల క్రౌడ్‌టాంగిల్ 2024 ఆగస్టులో మూతపడింది. అది తెరిచి ఉన్నప్పుడు కూడా మా మామ వాయిస్ అందులో లేదు.

వ్యూస్ లెక్క కూడా నమ్మకండి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి వైపు వజ్రాల వేట వీడియోలు వస్తాయి కదా. మా ఊళ్లో అందరూ చూస్తారు. నమ్మి పొలాల్లో వెతకడానికి వెళ్లేవాళ్లు వేరు, వినోదానికి చూసేవాళ్లు వేరు. అంకె ఒకటే చూపిస్తుంది.

టీవీ రేటింగుల సంగతి మీకు తెలిసిందే. దేశం మొత్తానికి 50,000 పైచిలుకు ఇళ్లలో పెట్టిన మీటర్లతో లెక్క కడతారు. కొన్ని ఇళ్లకు డబ్బులిచ్చి చానల్ పెట్టించారన్న ఆరోపణలతో 2020 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా వార్తా చానళ్ల రేటింగులే ఆపేశారు.

తుంగభద్ర తీరం:

తమ్ముడు చెప్పింది బాగుంది. నేను ఇంకా ఒక మాట మీద నిలబడతాను. ఊళ్లో ఉండి రాసిన నోట్సును ఎవరు సరిచూస్తారు? సర్వేలో తప్పుంటే ఫారం తీసి చూపిస్తాను, ఇంకొకరు మళ్లీ అడిగి చూస్తారు. నోట్‌బుక్కులో మీరు రాసుకోనిది మాకెప్పటికీ తెలియదు. టీ అంగడి మీకు నచ్చింది కాబట్టి అదే రాస్తారు. ఆ అంగడికి రాని ఆడవాళ్లు, రావడానికి వీల్లేని కులాల వాళ్లు మీ నోట్సులో ఉంటారా? ఊరి పెద్ద ఇంట్లో దిగితే కొన్ని వీధులు మీతో మాట్లాడవు. ఇది మీకు నాకంటే బాగా తెలుసు.

గండికోట డెస్కు:

దీనికి తోడు ఇంకో జాగ్రత్త. కక్షలున్న ఊళ్లో "ఏ పేపర్ చదువుతారు" అన్నదే పార్టీ ప్రశ్న. ఎవరు ఏం చెప్పారో పేర్లతో రాసుకున్న పుస్తకం బస్సులో మరిచిపోతే మీకు పోయేది ఆర్నెల్ల శ్రమ. వాళ్లకు పోయేది ఇంకా పెద్దది. పేర్ల బదులు గుర్తులు వాడండి, ఆ గుర్తుల జాబితా ఇంట్లో పెట్టండి.

రేడియో తాత (అనంతపురం):

అమ్మా, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగం ఉంది కదా. మన రాష్ట్రం కూడా ఆ ఆరింటిలో ఒకటి, తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. దాన్ని అంచనా వేయడానికి పెద్ద సర్వే చేశారు, అదే సమయంలో కొన్ని ఊళ్లలో మానవశాస్త్ర పరిశోధకులను కాపురం పెట్టించారు. అప్పట్లో ఇన్ని వసతులు లేవు, అయినా రెండూ చేశారు. ఒక్కదానివే అన్నీ చేయలేవు, నిజమే. వరస మాత్రం మార్చు. ముందు ఊళ్లో ఉండు, తర్వాత ఫారం రాయి. నువ్వు ఫారం రాసుకుని ఊరికి వెళ్లావు, అక్కడే వచ్చింది చిక్కంతా.

పెన్నేటి గట్టు:

తాతా, ఈ మాట నాకు చాలా పనికొచ్చింది. నిన్న కూర్చుని కొంత మార్చాను. నలభై ఫారాలనూ పక్కన పెట్టేశాను, వాటిని లెక్కలో కలపను. రెండు ఊళ్లు, ఒకటి కాలువ నీళ్లు వచ్చేది, ఒకటి రానిది. జూలై, ఆగస్టు అక్కడే ఉంటాను. ఉండేది అంగన్‌వాడీ అక్క వాళ్ల ఇంట్లో. ఆడవాళ్లతో మాట్లాడటానికి సాయంత్రాలు కాయలు ఒలిచే చోట కూర్చుంటాను. అక్కడ మగవాళ్లు రారు. తర్వాత ప్రశ్నావళి. ఏడో ప్రశ్న ఇలా మార్చాను: "గత మూడు రోజుల్లో వాన గురించి గానీ బీమా గురించి గానీ ఏం విన్నారు? ఎవరు చెప్పారు? వాళ్లకు ఎలా తెలిసింది?" టీవీ ఉందా అన్న ప్రశ్న తీసేశాను. మెడలో కార్డు కూడా వేసుకోను. అయితే ఎవరినో, ఎందుకొచ్చానో మొదటి మాటగా చెప్తాను.

తుంగభద్ర తీరం:

ప్రశ్న బాగుంది. "వాళ్లకు ఎలా తెలిసింది" అన్నది చాలా మంచి చేర్పు. ఆ జవాబులను ఇద్దరితో విడివిడిగా కోడింగ్ చేయించండి, రెండో మనిషిగా నేను కూర్చుంటాను. కానీ సర్వే ఊళ్లను చీటీ వేసి తీసేదాకా మీ 300 అంకెను నేను ఒప్పుకోను. ఓటర్ల జాబితా దొరికితే పంపండి, ఆదివారం కలిసి తీద్దాం.