త్బిలిసీ: పాత సోవియట్ ఫ్లాట్‌కి అతికించి కట్టిన గదిలో నీళ్లు కారుతున్నాయి

జార్జియా రాజధాని త్బిలిసీ శివారు గ్ల్దానీలో అద్దెకి ఉంటున్నాం, సోవియట్ కాలపు ప్యానెల్ బిల్డింగ్ (ముందే పోతపోసిన కాంక్రీట్ పలకలతో కట్టింది), ఐదో అంతస్తు. 1990లలో ఇక్కడ చాలామంది చేసినట్టే ఓనర్ వాళ్లూ బాల్కనీ బయట ఇనుప ఫ్రేమ్ నిలబెట్టి, బ్లాకులతో ఒక గది పెంచుకున్నారు. పాత గోడకీ ఈ గదికీ మధ్య నిలువు చీలిక: పైన 8 మిల్లీమీటర్లు, కింద 3. వాన మొదలైన గంటకి పైమూల నుంచి నీళ్లు కారతాయి. సిలికాన్ పెడితే చలికాలం దాటేసరికి ఒకపక్క ఊడిపోయింది, ఫోమ్ నీళ్లు పీల్చుకుంది, సిమెంట్ అయితే నెలలోపే అదే గీతలో మళ్లీ పగిలింది. పునాదులు వేరు కాబట్టి రెండూ వేర్వేరుగా కదులుతున్నాయని నా అనుమానం. బయటనుంచి చేయాలంటే తాడు మీద దిగేవాళ్లని పిలవాలి, అది ఒక్కసారే చేయించగలం, అందుకే టెన్షన్.

ఇలా కదిలే జాయింట్‌కి బయట రేకుని ఒక గోడకే బిగించి రెండోవైపు వదిలేయడం మంచిదా, పాలియూరెథేన్ సీలెంట్ (రబ్బరులా సాగే పూడిక) మంచిదా?