శనివారం రాత్రి భోజనానికి ఏ రెడ్ వైన్ కొనాలి?

ట్యూరిన్‌కు కొత్త:
అన్నలకు, అక్కలకు నమస్కారం. సెప్టెంబరులో ఉద్యోగం మీద ట్యూరిన్ వచ్చాను. శనివారం రాత్రి మా ఆఫీసులోని ముగ్గురు ఇటలీవాళ్లను భోజనానికి పిలిచాను. బగారా అన్నం, కోడికూర, టమాటా పప్పు చేస్తున్నాను. వైన్ లేకపోతే బాగుండదేమోనని భయం. నాకు ఆ సంగతి బొత్తిగా తెలియదు. సూపర్‌మార్కెట్‌లో గోడ పొడవునా ఉన్న సీసాల ముందు పావుగంట నిలబడి, చివరికి పెరుగు డబ్బా కొనుక్కుని వచ్చేశాను. బరోలో గొప్పదంటారు కదా, అదే తీసుకోనా?

ఆస్తిలో ఉండే అక్క:
ఆస్తి అనే ఊరి నుంచి రాస్తున్నాను తమ్ముడూ, బరోలో వద్దు. డబ్బు దండగని కాదు (దండగే అనుకో), నీ కోడికూరకు అది పడదు. నెబ్బియోలో ద్రాక్షతో చేసే ఆ వైన్‌లో వగరు ఎక్కువ. చట్టప్రకారం కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు కర్ర పీపాల్లో ఉంచాకే అమ్ముతారు. అయినా ఆ వగరు పోదు. నేరేడు పళ్లు తిన్నాక నాలుక ఎలా పిడచకట్టుకుపోతుంది? అలాగే. దాని మీద కారం పడిందంటే నోరు భగ్గుమంటుంది.

నీకు కావలసింది బార్బెరా. మా ఊరి చుట్టూ కొండల్లో పండే ద్రాక్ష. వగరు తక్కువ, పులుపు ఎక్కువ. పుల్లటి పప్పు పక్కన పులుపు లేని వైన్ పెడితే చప్పగా చచ్చిపోతుంది. బార్బెరా దీటుగా నిలబడుతుంది. ఇక్కడివాళ్లు వెల్లుల్లి, ఉప్పు చేపలు ఆలివ్ నూనెలో కాచి, కూరగాయలు ముంచుకు తినే బాన్యా కౌదాతో కూడా దీన్నే తాగుతారు. మన మసాలాకు బెదిరే రకం కాదు.

సీసా మీద ‘బార్బెరా దాస్తి’ అని ఉండాలి. 2008 నుంచి దానికి డీఓసీజీ హోదా ఉంది, అంటే ఇటలీ వైన్లకు ఇచ్చే అన్నిటికన్నా పై హోదా. మెడ దగ్గర ప్రభుత్వ ముద్రతో సన్నటి కాగితపు పట్టీ కనిపిస్తుంది. ‘సుపెరియోరే’ అంటే పీపాల్లో కొన్నాళ్లు ఉంచినది, ధర కూడా ఎక్కువ. నీకు మామూలుది చాలు. ఇంకొక రకం ఉంది, బార్బెరా దెల్ మొన్‌ఫెర్రాతో. దాని మీద ‘వివాచే’ అని ఉంటే బుడగలు వస్తాయి. అది తెలియక మొదటి ఏడాది సీసా పాడైందనుకుని సింకులో పోసేశాను. పక్కింటి ముసలావిడ చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వడ్డించే ముందు ఒక అరగంట ఫ్రిజ్‌లో పెట్టు.

మోదెనా నుంచి:
అక్క మాటకు అడ్డు రావడం కాదు గానీ, కూర కారంగా ఉంటే లాంబ్రుస్కో కూడా చూడండి. బుడగలుండే ఎర్ర వైన్, చల్లగా తాగాలి. ‘సెక్కో’ అంటే తీపి లేనిది, ‘అమాబిలె’ అంటే కాస్త తియ్యనిది. కారానికి రెండోది హాయిగా ఉంటుంది.

ఆస్తిలో ఉండే అక్క:
మోదెనావాళ్లు తమ ఊరి గొప్ప చెప్పకుండా ఉండలేరు. కారం విషయంలో మాత్రం ఆయన అన్నది నిజం.

ట్యూరిన్‌కు కొత్త:
నేను తాగను అక్కా. వాళ్లు ఏమైనా అనుకుంటారా?

ఆస్తిలో ఉండే అక్క:
ఏమీ అనుకోరు. ఒక్కటే, నీళ్ల గ్లాసుతో ‘చిన్ చిన్’ (మన ‘చీర్స్’ లాంటిది) అనడం అశుభమని కొందరికి పట్టింపు. పళ్ల రసం పోసుకో. ఇంకో మాట, కారులో వచ్చేవాళ్లలో లైసెన్సు వచ్చి 3 ఏళ్లు నిండనివాళ్లు ఉంటే వాళ్లకు చుక్క కూడా పోయకు. ఇక్కడ చట్టం అంతే.

ట్యూరిన్‌కు కొత్త:
బార్బెరా దాస్తి దొరికింది. ‘వివాచే’ ఉందేమోనని మూడుసార్లు చదివాను, లేదు. అక్కా, ఈ కార్కు ఎలా తీయాలి?

ఆస్తిలో ఉండే అక్క:
‘కవతాప్పి’ అని అడుగు, వంటసామాన్ల వరుసలో ఉంటుంది. కత్తి జోలికి మాత్రం వెళ్లకు.