అప్‌డేట్: కారం మిల్లుకి లోన్ వచ్చిందండీ

మార్చిలో ఇక్కడే అడిగాను, నరసరావుపేట దగ్గర మాది చిన్న కారం, పొడుల యూనిట్, పల్వరైజర్ (పొడి కొట్టే మెషిన్) కొనడానికి బ్యాంకుకెళ్తే రెండుసార్లు తిప్పి పంపారు, ఏజెంట్ ఏమో పదిహేను వేలు ఇస్తే పని చేసిపెడతా అంటున్నాడు, ఇవ్వాలా అని. ఇవ్వొద్దు, ముందు పీఎంఎఫ్ఎంఈ (చిన్న ఆహార యూనిట్లకి లోన్ మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ స్కీమ్) కింద జిల్లా రిసోర్స్ పర్సన్‌ని, అంటే లోన్ కాగితాలకి సాయం చేసే మనిషిని, కలవమని చెప్పినవాళ్ళందరికీ చాలా థాంక్స్. అదే పనిచేసింది.

నిజం చెప్పాలంటే గవర్నమెంట్ సలహా అంటే నాకు నమ్మకం లేదు, తిప్పించుకుంటారులే అనుకున్నా. కానీ ఆ రిసోర్స్ పర్సన్ మా షెడ్డుకొచ్చి కూర్చుని, రోజుకి ఎన్ని కిలోలు పడతావు, మిర్చి ఏ రేటుకి కొంటావు, కరెంటు బిల్లెంత అని అన్నీ అడిగి రాసుకున్నారు. తప్పెక్కడుందంటే నా ప్రాజెక్ట్ రిపోర్టులో మెషిన్ కొటేషనే లేదు, కూలీ ఖర్చు అసలు వెయ్యలేదు. మళ్ళీ రాయించారు, ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకి గవర్నమెంట్ ఇచ్చే) రిజిస్ట్రేషన్ కూడా చేయించారు, పైసా తీసుకోలేదు, లోన్ శాంక్షన్ అయితే వాళ్ళకి స్కీమ్ నుంచే డబ్బులొస్తాయంట.

మొత్తం 6 లక్షల ప్రాజెక్ట్, మా వాటా 10 శాతం అంటే 60 వేలు, సబ్సిడీ 35 శాతం. సబ్సిడీ చేతికి రాదండీ, మూడేళ్ళు బ్యాంకులోనే ఉంచి తర్వాత లోన్‌లో సర్దుతారు, ఆ మొత్తానికి వడ్డీ మాత్రం వెయ్యరు.

సిబిల్ స్కోరు, పొలం కాగితాలు అని నేను కంగారుపడ్డవేవీ అడ్డు కాలేదు. మెషిన్ పోయిన వారమే దిగింది.