సమస్య: నిండినంత గాదె నిండుకొనెను

మోడరేటర్: నిన్న రాత్రి మా ఇంట్లో డబ్బా అడుగు కనబడింది, "బియ్యం నిండుకున్నాయి" అన్న మాట వినబడింది. అయిపోవడాన్ని నిండుకోవడం అనే భాష మనది. అదే నిమిషంలో పక్కగదిలో మా అబ్బాయి టెట్రిస్ (పైనుంచి పడే ముక్కలను పేర్చే ఆట, అడ్డు వరుస నిండితే చెరిగిపోతుంది) బోర్డు మీద ఒక్క గడి మిగలకుండా తుడిచేశాడు. పాదం దానంతటదే వచ్చింది.

*నిండినంత గాదె నిండుకొనెను*

విషయం పర్ఫెక్ట్ క్లియర్, అంటే బోర్డు మొత్తం ఖాళీ చేయడం. అదీ ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. ఉత్త వర్ణన వద్దు, ఆడే కిటుకు పద్యంలో కనబడాలి.

గోదారిగట్టు:

పదియె ముక్కలుంచి పదిలముగా నాల్గు
వరుసలన్ని నింపి వరుస గాను
చూడ నొక్క గడియు చోద్యమే మిగులదు
నిండినంత గాదె నిండుకొనెను

కిటుకంతా "పదియె"లో ఉంది. బోర్డు వెడల్పు పది గళ్లు, ముక్కకు నాలుగు గళ్లు. ఐదు ముక్కలకు రెండు వరుసలు, పది ముక్కలకు నాలుగు. ఈ ఐదుల లెక్క తప్పితే బోర్డు ఖాళీ అయ్యే ప్రశ్నే లేదు. నేను మొదటి ఏడు ముక్కలను రెండు పక్కలా సర్ది, మధ్యలో మూడు గళ్ల వెడల్పు, నాలుగు గళ్ల ఎత్తు ఖాళీ ఉంచుతాను. అంటే పన్నెండు గళ్లు, మూడు ముక్కల చోటు. తర్వాత వచ్చే ముక్కలను పక్కన చూపిస్తారు కాబట్టి ఆ మూడూ ఏ క్రమంలో దిగాలో ముందే తేల్చుకోవచ్చు.

పాతపలక: "వరుస"ను ఒకే పాదంలో రెండర్థాల్లో వాడారు, అది నచ్చింది. కానీ గాదె అంటే ధాన్యం పోసుకునేది. బోర్డే గాదె అని పై మూడు పాదాల్లో ఎక్కడా చెప్పలేదు. "చోద్యమే" యతి కోసం పిలిస్తే వచ్చిన మాట.

గోదారిగట్టు: ఒప్పుకుంటాను. చోద్యం దగ్గర నేనూ పది నిమిషాలు ఆగాను.

కొబ్బరాకు: గాదెను వదిలేసి చూడండి.

ఎల్లు జేలు కూడి యెన్నొ లెక్కించుము
బేసి యైన టీని పేర్చు నిలువ
సరియె యైన దాని చదునుగా నుంచుము
నిండినంతఁ గాదె నిండుకొనెను

నిండినంతన్ + కాదె. "నిండగానే కదా ఖాళీ అయింది!" అరసున్న ఒక్కటి పెడితే ధాన్యం గాదె పోయి ఆట మిగిలింది.

విషయానికొస్తే, గళ్ల నోటుబుక్కులో పది నిలువు వరుసలు గీసి, ఒకటి విడిచి ఒకటి పెన్సిల్‌తో నల్లగా దిద్దాను. ముక్కల పేర్లు వాటి ఆకారాన్ని పోలిన ఇంగ్లీషు అక్షరాలే. ఎల్, జే ముక్కలను ఎలా తిప్పినా మూడు గళ్లు ఒక రంగు మీద, ఒకటి రెండో రంగు మీద పడతాయి. చదరం, ఎస్, జెడ్ ఎప్పుడూ రెండూ రెండూ. నిలువు కడ్డీ నాలుగూ ఒకే రంగు, పడుకుంటే రెండూ రెండూ. టీ ఒక్కటే తిప్పడాన్ని బట్టి మారుతుంది: పడుకుంటే రెండూ రెండూ, నిలబడితే మూడూ ఒకటి. ప్రతి అడ్డు వరుసలో నల్లవి ఐదు, తెల్లవి ఐదు. కాబట్టి మూడూ-ఒకటి ముక్కలు సరిసంఖ్యలో ఉంటేనే బోర్డు ఖాళీ అవుతుంది. మధ్యలో వరుసలు చెరిగిపోయినా ఈ లెక్క చెడదు. ఒకే టీ వచ్చినప్పుడు ఎల్, జేల మొత్తం బేసి అయితే ఆ టీ నిలబడి తీరాలి.

మేడమెట్లు: చదరంగం గళ్ల లెక్క కూడా ఉంది కదండీ, అందులో టీ ఎలా తిప్పినా మూడూ ఒకటే?

కొబ్బరాకు: ఉంది. కానీ మధ్యలో ఒక వరుస చెరిగి పైవి ఒక మెట్టు దిగితే రంగులు తారుమారవుతాయి. అందుకే నిలువు చారలనే నమ్ముకున్నాను.

పాతపలక: అరసున్న అద్భుతం కొబ్బరాకు గారూ, ఈ నెలలో ఇంత మంచి విరుపు చూడలేదు. అయితే పై మూడు పాదాల్లో "లెక్కించుము, పేర్చు, ఉంచుము" అని పాఠం చెప్పి, నాలుగో పాదంలో ఒక్కసారిగా "నిండుకొనెను" అన్నారు. ఎవరి బోర్డు? ఎప్పుడు? అతుకు ఊడింది.

మేడమెట్లు: మళ్లీ మళ్లీ క్లియర్ చేయడాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నాది ఇదిగో.

సంచి కేడు గాను సంచులు పదియైన
డెబ్బదయ్యె ముక్క లేడు మార్లు
మళ్లీ మొదటి సంచి మరల చేతికి వచ్చు
నిండినంతఁ గాదె నిండుకొనెను

ఇప్పటి ఆటలో ఏడు రకాల ముక్కలనూ సంచిలో వేసి కలిపి, అన్నీ ఒక్కోసారి ఇచ్చాకే మరో సంచి విప్పుతారు. ఒక్కో క్లియర్‌కు పది ముక్కలు కాబట్టి రెండో క్లియర్ సంచి మధ్యలో మొదలవుతుంది. అక్కడ మొదటిసారి పేర్చిన పద్ధతి పనికిరాదు. ఏడు క్లియర్లకు డెబ్బై ముక్కలు, సరిగ్గా పది సంచులు. ఎనిమిదోది మళ్లీ కొత్త సంచితోనే మొదలు. అంటే ఏడు రకాల మొదళ్లు నేర్చుకుంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది.

గోదారిగట్టు: హోల్డ్‌లో (తర్వాత వాడదామని ముక్కను దాచే చోటు) ముక్క మిగిలి ఉంటే? చక్రం ఒక ముక్క జరుగుతుంది.

మేడమెట్లు: జరుగుతుంది. హోల్డ్‌లో ఏది ఉందో కూడా కలిపి నేర్చుకోవాలి.

పాతపలక: "మళ్లీ" దగ్గర దీర్ఘం. గగం (రెండు గురువులు) సూర్యగణం కాదు. పైగా మళ్లీ, మరల రెండూ ఒకటే. రెండో పాదంలో డకు లతో యతి. డలయోరభేదః (డ, లలకు భేదం లేదు) అంటారని తెలుసు, కానీ అది తప్పించుకునే దారి.

మేడమెట్లు: దీర్ఘం నాదే తప్పు. యతి మాత్రం వదలను. పోయిన నెల టెట్రిస్ మీదే మీ పూరణలో "ఓర్పు గలుగు వాని కోటమి లేదు" అన్నప్పుడు నేను ఊరుకున్నాను. ఎస్, జెడ్ ముక్కలే ఒకదాని తర్వాత ఒకటి వస్తూ పోతే ఎంత ఓర్పున్నా ఓడక తప్పదని హైడీ బర్గీల్ 1997లో గణితంతో నిరూపించారు. పద్యంలో అబద్ధం కంటే అభేద యతి నయం కదా?

పాతపలక: నేను రాసింది సంచి ఆట గురించి. అందులో ఎస్, జెడ్‌లు వరుసగా నాలుగుకు మించి రావు: ఒక సంచి చివర రెండు, తర్వాతి సంచి మొదట రెండు. పద్యంలో సంచి మాట లేదు, అక్కడ మీ మాటే నెగ్గింది.

మోడరేటర్: మేడమెట్లు గారూ, "మరల మొదటి సంచి మనదు చేతికి వచ్చు" అంటే దీర్ఘం, పునరుక్తి రెండూ పోతాయి.

మేడమెట్లు: తీసుకున్నాను.

పాతపలక: రాత్రంతా కొబ్బరాకు గారి టీ తలలో నిలబడే ఉంది. వారి అనుమతి లేకుండా అతుకు వేశాను.

ఎల్లు జేలు కూడి యెన్నొ లెక్కించితి
బేసి యగుట టీని పేర్చ నిలువ
చివరి గడియు నిండెఁ జిటికెలో బోర్డెల్ల
నిండినంతఁ గాదె నిండుకొనెను

కొబ్బరాకు: "చివరి గడియు నిండె" అన్నాక ఆ పాదం ఇక ఎక్కడికీ పోలేదు, అక్కడే కూర్చుంది. బోర్డెల్ల సంధి కూడా చెవికి ఇబ్బందిగా లేదు. పాతపలక గారూ, నాది తీసేసి ఇదే ఉంచమని మోడరేటర్ గారికి చెప్పండి. మొదటి పాదం, ఆ టీ నావే కదా, చాలు.